పావులూరి మల్లనయు, ఇరువది యంకెల సంఖ్యయు

మన పాతనగరమున శత్రంజు ఆడువారిని చూచిన బాలురకు బల్లమీది అరువదినాలుగు గళ్లు క్రొత్తవి కావు. ఆ గళ్లనుండి పుట్టిన యొక మహాసంఖ్యను తెలుగు పద్యమున నిలిపిన పావులూరి మల్లన చరిత్రమును ఇచట సంగ్రహముగా చెప్పదలచితిమి.

మల్లన క్రీస్తుశకము 11వ శతాబ్దివాడు. చార్మినారు వెలసిన 1591వ సంవత్సరమునకు ఇంచుమించు అయిదువందల యేండ్లు పూర్వుడు. తండ్రి శివన్న. ఇంకొల్లు చెంతనున్న పావులూరు ఆయన యేలుబడిలోని గ్రామము. తాతయు మల్లన నామధేయుడే. రాజరాజనరేంద్రుడు ఆ తాతకు పీఠాపురము దాపున నవఖండవాడ యను గ్రామమును ఇచ్చెనని చెప్పుదురు.

9వ శతాబ్దిలో మహావీరాచార్యుడను జైనుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని మల్లన తెనిగించెను. తెలుగున వెలసిన శాస్త్రగ్రంథములలో ఇదియే మొదటిదిగా ఎన్నబడుచున్నది. మల్లన శైవుడయ్యును జైనుని విద్యను గ్రహించుటకు సంకోచింపలేదు. మూలమును ఉన్నదున్నట్లు తెనిగించుటతో తృప్తి చెందక క్రొత్త లెక్కలను గూడ చేర్చెను.

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు తుదివరకు ఇబ్బడించుచు పోయినచో మొత్తమెంత? మల్లనదిగా ప్రసిద్ధమైన పద్యము 18446744073709551615 అని చెప్పుచున్నది. సెకనునకొక గింజ చొప్పున లెక్కించినచో 58,000 కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. పద్యమున అంకెలకు మారుగా మాటలుండును. చంద్రుడనిన ఒకటి, అగ్ని యనిన మూడు, వేదమనిన నాలుగు, బాణమనిన అయిదు, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని వరుసగా ఎడమకు వ్రాసికొనవలెను. లేఖకుడు ఒక్క మాట తప్పినను లెక్క చెడిపోవును.

ఈ సంఖ్యలో మరియొక వింత కలదు. మొదటి 32 గళ్ల మొత్తము 4294967295. దీనిని దీనికంటె రెండెక్కువైన 4294967297 చేత గుణించినచో మల్లన సంఖ్యయే వచ్చును. ఈ రెండవదానిని ఫ్రాన్సుదేశపు ఫెర్మా ప్రధానసంఖ్య యని తలచెను. అయితే అది 641 చేత నిశ్శేషముగా భాగింపబడునని 1732లో ఆయిలరు చూపెను. కావున మల్లన సంఖ్యయు 641 చేత భాగింపబడును. 3, 5, 17, 257 చేతను భాగింపబడును.

లెక్కల గంట యనిన బెదరు పిల్లలు మా తరగతులలో కలరు. గణితము పరభాషలోనే అబ్బునని తలచు తల్లిదండ్రులును కలరు. అందుచే మేము ఈ గుణకారమును నల్లబల్లపై చేసి పద్యముతో సరిచూచితిమి. ఇరువది యంకెలలో ఒక్కటియు తప్పలేదు. జైనుడు నాటిన విద్యను శైవుడు తెలుగువారికి అందించెను. క్రైస్తవ పాఠశాలలో హిందూ, ముసల్మాను, క్రైస్తవ బాలురు కలిసి ఆ లెక్కను సరిచూచిరి. అందరికిని ఒక్క జవాబే వచ్చినది.

విద్యార్థులారా! పెద్దలు చెప్పిరని మాత్రమే ఈ సంఖ్యను నమ్మవలదు. నేటి రాత్రి పలక తీసికొని మొదటి వరుసలోని ఎనిమిది గళ్లను కూడుడు. 255 వచ్చినచో మల్లన త్రోవలో మీరును అడుగిడినట్లే.