ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా (మే 11, 1930 - ఆగష్టు 6, 2002) నెదర్లాండ్స్ దేశమునకు చెందిన సుప్రసిద్ధ కంప్యూటర్ శాస్త్రవేత్త. రెండు స్థానముల మధ్య అతి దగ్గరి దారిని కనుగొనే పద్ధతి ఇతని పేరుతోనే ప్రసిద్ధమైనది. ప్రోగ్రాములోని ఏ చలరాశి ఏ భాగమునకు అందుబాటులో ఉండాలి అనే విషయముపై ఇతడు చేసిన కృషి అంతగా ప్రచారము పొందలేదు.

బాల్యము, విద్యాభ్యాసము

డైక్‌స్ట్రా రోటర్‌డామ్ నగరములో జన్మించాడు. తండ్రి రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు. తల్లి గణితము చదివిన విదుషీమణి. లైడెన్ విశ్వవిద్యాలయములో విద్యాభ్యాసము చేస్తూ 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రములో ప్రోగ్రామరుగా చేరాడు. 1957లో వివాహ సమయమున తన వృత్తిని ప్రోగ్రామరు అని తెలుపగా, అటువంటి వృత్తి లేదని అధికారులు అంగీకరించలేదు. చివరకు భౌతిక శాస్త్రవేత్తగా నమోదు చేయించుకోవలసి వచ్చింది.

సొంత విలువలు, ఉమ్మడి విలువలు

1960లో యాప్ జోన్నెవెల్డ్‌తో కలసి ఆల్గాల్ 60 భాషకు కంపైలరు నిర్మించాడు. ఒక ప్రొసీజరు తనను తానే మరల పిలుచుకొన్నపుడు, దాని విలువలన్నీ ఒకే స్థిరమైన చోట ఉంటే రెండవ పిలుపు మొదటిదాని విలువలను చెరిపివేస్తుంది. ప్రతి పిలుపునకు స్టాక్‌లో వేరుగా చోటు కేటాయించి ఈ చిక్కును తొలగించే విధానమును ఆ ఏడాదే ఒక వ్యాసములో వివరించాడు.

అయితే కొన్ని విలువలు ఉమ్మడిగా ఉండక తప్పదు. 1962లో ఐండ్‌హోవెన్‌లో ఆచార్యుడైన తరువాత, ఒకేసారి నడిచే పలు ప్రక్రియలు ఉమ్మడి విలువను ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే మార్చేటట్లు కాపలా కాసే సెమాఫోర్ అనే సాధనమును ప్రవేశపెట్టాడు.

గ్లోబల్ చలరాశులు

1968లో గోటు ఆజ్ఞను విమర్శిస్తూ ఇతడు వ్రాసిన లేఖ పెద్ద చర్చకు దారితీసింది. ఆ లేఖ శీర్షికను అనుకరిస్తూ 1973లో విలియం వుల్ఫ్, మేరీ షా గ్లోబల్ చలరాశుల వలన కలిగే హానిపై వ్యాసము ప్రచురించారు.

డైక్‌స్ట్రా 1976లో వెలువడిన తన గ్రంథములో చలరాశుల పరిధికి ఒక అధ్యాయమునే కేటాయించాడు. ఆల్గాల్ 60లో వెలుపలి పేర్లన్నీ లోపలి భాగమునకు అడగకుండానే అందుతాయి. ఇది ఇతనికి నచ్చలేదు. అలాగని గ్లోబల్ చలరాశులను నిషేధించలేదు. ప్రతి భాగము తాను వాడే వెలుపలి పేర్లను ఆరంభములోనే ప్రకటించాలని, వాటిలో మార్చదగినవి ఏవో, మార్చకూడనివి ఏవో స్పష్టము చేయాలని సూచించాడు. ఉదాహరణకు, లెక్కలన్నిటికీ ఒకటే అయిన వడ్డీ రేటును మారని ఉమ్మడి విలువగా ఉంచవచ్చును. ఒక లూపు లెక్కించే సంఖ్య మాత్రము ఆ భాగమునకే సొంతముగా ఉండాలి. మానవుని మేధస్సు పరిమితమైనది కనుక, ఒక భాగమును అర్థము చేసుకొనుటకు ప్రోగ్రాము మొత్తమును చదవవలసిన అవసరము రాకూడదన్నది ఇతని మౌలిక సిద్ధాంతము.

చివరి దశ

1972లో ట్యూరింగ్ పురస్కారము అందుకొన్నాడు. 1984 నుండి 1999 వరకు అమెరికాలోని ఆస్టిన్‌లో, టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆచార్యునిగా పనిచేశాడు. 2002లో స్వదేశమునకు తిరిగి వచ్చి, అదే సంవత్సరము న్యూనెన్‌లో క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. వరుస సంఖ్యలతో ఇతడు మిత్రులకు పంపుతూ వచ్చిన వ్యాసములు 1300కు పైగా ఉన్నాయి.