వియత్నాం వీరవనిత మిన్ ఖాయ్

రాజకీయరంగం పురుషులకే పరిమితమని లోకం భావించిన కాలంలో, యానాం వలెనే ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న వియత్నాంలో, ఒక రైల్వే ఉద్యోగి కుమార్తె దేశనాయకుల సరసన స్థానం సంపాదించింది. ఆమె పేరు న్గుయెన్ థి మిన్ ఖాయ్.

ఆమె 1910లో విన్ పట్టణంలో జన్మించింది. ప్రాథమిక పాఠశాలలో ఆమెకు విద్య గరపిన గురువులలో త్రాన్ ఫు ఒకరు. 1930లో ఇండోచైనా కమ్యూనిస్టు పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి అయినది ఆయనే. గురువు నాటిన బీజం వృథా కాలేదు. 1927లోనే ఆమె రహస్య విప్లవసంఘంలో సభ్యురాలైంది.

1930లో హాంకాంగ్ చేరి హో చి మిన్ వద్ద పనిచేసింది. మరుసటి సంవత్సరమే అరెస్టయి చెరసాల పాలైంది. విడుదలైన పిమ్మట మాస్కో వెళ్లి, 1935లో జరిగిన కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఏడవ మహాసభలో ప్రతినిధిగా పాల్గొన్నది. ప్రాచ్యదేశాల శ్రామిక స్త్రీల దుఃస్థితిని ప్రపంచ ప్రతినిధుల ముందు వివరించినప్పుడు ఆమెకు పాతికేళ్లు నిండలేదు. సహప్రతినిధి లే హాంగ్ ఫాంగ్‌ను వివాహమాడింది.

స్వదేశానికి తిరిగివచ్చి సైగాన్ నగర పార్టీ సంఘానికి నాయకత్వం వహించింది. దేశ స్వాతంత్ర్యం, స్త్రీ స్వాతంత్ర్యం వేరువేరు కావన్నది ఆమె దృఢవిశ్వాసం. పత్రికలలో స్త్రీ సమస్యలపై వ్యాసాలు వ్రాసి, ఉద్యమంలో స్త్రీలకు సమానస్థానం కావాలని వాదించింది.

ఆ దీక్షకు ఆమె చెల్లించిన మూల్యం అపారం. 1939లో కుమార్తె జన్మించింది. 1940 జూలైలో పోలీసులు తల్లిని బంధించారు. పసిబిడ్డను పెంచే భాగ్యం ఆమెకు దక్కలేదు. ఆ నవంబరులో దక్షిణ వియత్నాంలో తిరుగుబాటు చెలరేగినప్పుడు ఆమె జైలులోనే ఉన్నది. అయినను ఫ్రెంచి ప్రభుత్వం మరణశిక్ష విధించి, 1941 ఆగస్టు 28న హాక్ మాన్ వద్ద కాల్చిచంపింది. అప్పటికి ఆమెకు ముప్పైయొకటవ యేడు. మరుసటి సంవత్సరం భర్త కోన్ దావ్ ద్వీపపు కారాగారంలో మరణించాడు. 1944లో చెల్లెలు క్వాంగ్ థాయ్ కూడ హనోయి జైలులో అసువులు బాసింది.

సైగాన్‌లో 1915లో తరగతులు ఆరంభించిన ప్రసిద్ధ బాలికల పాఠశాలకు, 1975లో యుద్ధం ముగిసిన తరువాత మిన్ ఖాయ్ పేరు పెట్టారు. నేడు అచట బాలబాలికలు కలిసి చదువుకొంటున్నారు. ఒక పాఠశాలలో గురువు వద్ద మేల్కొన్న చైతన్యం మరొక పాఠశాలకు పేరై నిలిచింది. ఆమె కోరిన సమానత్వానికి ఇంతకంటె తగిన స్మారకం వేరొకటి లేదు.