గోన బుద్ధారెడ్డి

13వ శతాబ్దమున కాకతీయులకు సామంతులై పాలమూరు సీమలోని వర్ధమానపురము నేలిన గోన వంశమున బుద్ధారెడ్డి జన్మించెను. తండ్రి విఠ్ఠలభూపతి. ఒకనాడు కొలువున రామకథా ప్రసంగము రాగా, తన పేర రామాయణమును తెనుగున వెలయింపవలెనని తండ్రి కోరెను. కుమారుడు ఆ యాజ్ఞను తలదాల్చెను.

పండితులు మెచ్చు వృత్తములను విడిచి ద్విపదను గైకొనుట ఆయన దూరదృష్టి. రెండేసి పాదముల ద్విపద చదువురాని వాని నాలుకపై సైతము నిలుచును. బాలకాండము మొదలు యుద్ధకాండము వరకు ఆరు కాండములును అట్లే నడచినవి. వాల్మీకమున గానరాని ఉడుత సేవయు, సులోచన వృత్తాంతమును ఇందు చేరినవి. తోలుబొమ్మలాటవారు తెరవెనుక నుండి పాడునదియు పెక్కుచోట్ల ఈ ద్విపదయే. వినువారిలో కవి పేరెరిగిన వారెందరు?

బుద్ధారెడ్డి తన్ను దాచుకొనలేదు. తండ్రి పేర తాను రచించినట్లు కాండాంతములందు స్పష్టముగ జెప్పుకొనెను. అయినను గ్రంథము రంగనాథ రామాయణమనియే ప్రసిద్ధికెక్కెను! విఠ్ఠలుడన్నను రంగనాథుడన్నను విష్ణువే గాన తండ్రి పేరే అట్లు మారినదని కొందరు పండితులు, రంగనాథుడను వేఱొక కవి కలడని మఱికొందరు వాదించిరి. పట్టా యొకరిది, సేద్య మొకరిది యన్నట్లున్నది ఈ తగవు. కాండకాండకు కవి చేవ్రాలుండగా వేఱు సాక్ష్యమేల?

ఆయన విడిచిన ఉత్తరకాండమును కుమారులు కాచభూపతియు, తాత పేరు దాల్చిన విఠ్ఠలభూపతియు రచించి కథను పూర్తిచేసిరి.