కీ. శే. అప్పాద్వేదుల లక్ష్మీనారాయణగారు

శాస్త్రపరిశోధన మనునది దూరదేశములయందలి మహాపట్టణములకే చెల్లునను భ్రాంతి మనలో పెక్కురకు గలదు. 1915లో అనిబెసెంటుగారు కళాశాల నెలకొల్పిన మదనపల్లెవారును, పుంగనూరు, కుప్పము సోదరులును తమ బిడ్డలను చదువునకు పంపునపుడు తలచుకొందురుగాక యని యీ చరిత్రమును వ్రాయుచున్నాము.

లక్ష్మీనారాయణగారు 1887లో కోనసీమయందలి ముక్కామలలో జన్మించిరి. శాస్త్రపత్రికలవారు వీరిని ఏ. ఎల్. నారాయణ యని యెఱుగుదురు. విజయనగరము మహారాజా కళాశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయులై, పాఠములు చెప్పుటతో తనివినొందక, శిష్యులను కూర్చుకొని పరిశోధన కుపక్రమించిరి.

వారు చేసిన పనిని కొంచెము వివరింతుము. థాలియమను లోహమును కాచి యావిరిగా మార్చి, దానిగుండ వెలుగును పోనిచ్చినచో వర్ణపటములో కొన్ని రేఖలు నల్లబడును. ఏ పరమాణువు ఏ రేఖను మ్రింగునో యది దాని లోపలి శక్తిస్థితులనుబట్టి యుండును. థాలియముయొక్క పచ్చనిరేఖను అడుగుమెట్టుననున్న పరమాణువు మ్రింగజాలదు. వేడిమిచే నొక మెట్టు పైకెక్కినదే మ్రింగగలదు. కావున నల్లని రేఖ యావిరియొక్క వేడిమికి సాక్ష్యము పలుకును.

సూర్యకాంతిని గాజుపట్టకముగుండ చూచినను ఇట్టి నల్లరేఖలే వేలకొలది కానవచ్చును. రేఖ లేనంతమాత్రమున లోహము లేదనరాదని 1920లో మేఘనాథ సాహాగారు సిద్ధాంతీకరించిరి. సూర్యుని తాపమునకు రుబీడియము పరమాణువు ఎలక్ట్రాను నొకదానిని పోగొట్టుకొనును. అప్పుడు దాని రేఖ మాయమగును. కొంత చల్లనైన సూర్యకళంకములలో వెదుకగా నా రేఖయే దొరకినది! కొలిమిలోని యావిరికిని సూర్యబింబమునకును ధర్మ మొక్కటియే.

ఇట్టి విద్యయం దారితేరిన లక్ష్మీనారాయణగారు కొడైకెనాలు సూర్యవేధశాలకు పోవుట సహజమే. 1899లో నెలకొన్న యా వేధశాలలోనే 1909లో ఎవర్‌షెడ్డుదొర సూర్యకళంకములనుండి వాయువులు వెలుపలికి ప్రవహించుటను కనిపెట్టెను. 1937లో లక్ష్మీనారాయణగారు దానికి తొలి భారతీయాధ్యక్షులైరి. అందుకు ముప్పదియెనిమిదేండ్లు పట్టుట మనలో యోగ్యులు లేక కాదని మా తలంపు. 1946వరకు ఆ పదవిని నిర్వహించి, 1973లో వారు పరమపదించిరి.

విజయనగరమున వారియొద్ద పనినేర్చిన శిష్యులలో కొచ్చర్లకోట రంగధామరావుగారు ఒకరు. ఆయన లండనులో ఫౌలరు ఆచార్యునియొద్ద పరిశోధనచేసి వచ్చి, వాల్తేరున ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో వర్ణపటశాస్త్రమునకు పేరుగన్న పరిశోధనశాలను నిలిపిరి.