కాటను దొరగారు

మన విశాఖపట్టణమందలి ఓడరేవును, ఉక్కు కర్మాగారమును చూచిన విద్యార్థులకు, ఇట్టి మహాకార్యములు కేవలము ధనబలముచేతనే నెరవేరునని తోచవచ్చును. అది నిజము కాదని తెలుపుటకై సర్ ఆర్థరు కాటనుగారి చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించి, యౌవనముననే చెన్నరాజధానిలో ఇంజనీరు ఉద్యోగమున ప్రవేశించిరి. చోళులు కావేరిపై కట్టిన కల్లణై ఇసుకమీదనే నిలిచియుండుట చూచి, ఆ మర్మమును గ్రహించి, మొదట కొల్లడము నదిపై ఆనకట్టలు కట్టి పరీక్షించిరి. పిమ్మట మన పట్టణమునకు వచ్చి, సముద్రపుకోతనుండి తీరమును రక్షించుటకు రాతికట్టలు వేయించిరి.

ఆ కాలమున కరువులచేతను, తుపానులచేతను గోదావరీ ప్రాంతము క్షీణించెను. 1821లో 7,38,308గా నున్న రాజమహేంద్రవర మండల జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి తగ్గెను. కాటనుగారు దీనిని చూచి జాలిపడి ఊరకుండలేదు. ఆనకట్టవలన రైతులకు నీరును, వర్తకులకు పడవదారియు, దొరతనమువారికి శిస్తును కలుగునని 1844, 1845 సంవత్సరములలో లెక్కలతో నివేదించి వారిని ఒప్పించిరి.

1847లో ధవళేశ్వరమున పని ప్రారంభమయ్యెను. ఆరుగురు ఇంజనీర్లను కోరగా, పని నేర్చుకొనవలసిన యువకుడొక్కడే లభించెను. అయినను వీణెం వీరన్నగారు కూలిజనమును సమకూర్చి కుడిభుజమై నిలిచిరి. నది లంకలచే నాలుగు పాయలుగా చీలియున్నందున, ఆనకట్టను నాలుగు భాగములుగా కట్టిరి. ఇసుక కోసికొనిపోకుండ దిగువను వెడల్పుగా రాళ్లు పరపించిరి. రాయి చేరువ కొండనుండియే తెచ్చిరి. 1848లో వీరు జబ్బుపడి ఆస్ట్రేలియాకు పోవలసివచ్చినను పని నిలువలేదు. కెప్టెన్ ఆర్ గారు దానిని నడిపిరి. కాటనుగారు 1850లో మరలివచ్చిరి. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

వీరు 1899 జూలై 24వ తేదీన దివంగతులైరి. పాత ఆనకట్టకు బదులుగా 1982లో పూర్తియైన బ్యారేజి వీరి పేరనే పిలువబడుచున్నది.

కార్యమునకు సంబంధించినవారినందరిని ముందుగా కలుపుకొనుట, రాగల యపాయమును ముందుగా తలచుట, తాను లేకున్నను పని సాగునట్లు ఏర్పరచుట: ఈ మూడును వీరి చరిత్రమునుండి మనము నేర్వదగినవి. పాఠశాలలో నొక చిన్న సభను జరుపుటకైనను ఇవియే చాలును.