ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ శిష్యసంపద

1857లో మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలసినవి. కాని చాలాకాలం వరకు అవి పరీక్షలు జరిపి పట్టాలు ప్రసాదించే సంస్థలుగానే ఉండినవి. ఇతరులు కనుగొన్న సత్యాలను చదివి ఉత్తీర్ణుడైన యువకునికి, తానుగా ఒక సత్యాన్ని కనుగొనడమెట్లో నేర్పే చోటు దేశంలో దాదాపు లేదనే చెప్పాలి. రసాయనశాస్త్రంలో ఈ కొరతను తీర్చడానికి జీవితాన్ని ధారపోసిన మహనీయుడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్.

ఆయన 1861 ఆగస్టు 2వ తేదీన, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఖుల్నా ప్రాంతంలోని రాడులి గ్రామంలో జన్మించినారు. తండ్రి హరిశ్చంద్ర రాయ్ భూస్వామి, విద్యాప్రియుడు. ఇంట మంచి గ్రంథాలయం ఉండేది. కుమారుల చదువుకోసం ఆయన 1870లో కుటుంబాన్ని కలకత్తాకు తరలించినారు. కొన్నేళ్లకే బాలుడు గ్రహణివ్యాధి పాలై బడి మానవలసివచ్చింది. ఆ వ్యాధి ఆయన జీర్ణశక్తిని శాశ్వతంగా దెబ్బతీసింది; కాని ఆ విరామంలోనే తండ్రిగారి పుస్తకాలు ఆయనకు గురువులైనవి.

విద్యాసాగరుల మెట్రోపాలిటన్ కళాశాలలో చదువుతూ ఆయన ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లి అలెగ్జాండర్ పెడ్లర్ రసాయనశాస్త్రోపన్యాసాలు వినేవారు. పెడ్లర్ ప్రయోగాలు చేసి చూపడంలో సిద్ధహస్తుడు. అయితే విద్యార్థులు చూడడమే కాని చేసే అవకాశం తక్కువ. అందుచేత ప్రఫుల్లచంద్రులు ఒక సహాధ్యాయితో కలిసి బసలోనే చిన్న ప్రయోగశాల నెలకొల్పుకొన్నారు. మామూలు పనివానిచేత పలుచని రేకుతో చేయించిన ఉదజని-ఆమ్లజని జ్వాలాయంత్రం ఒకనాడు పేలిపోయింది. ఇద్దరూ గాయపడక బయటపడినారు. మార్గదర్శి లేని కుతూహలం ఎంత ప్రమాదానికి దారితీయగలదో చెప్పడానికి ఈ సంఘటన చాలు.

1882లో గిల్‌క్రిస్ట్ విద్యార్థివేతనం లభించి ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్లినారు. అక్కడ క్రమ్ బ్రౌన్ శిష్యరికంలో ఆయనకు పరిశోధన అలవడింది. 1887లో డి.ఎస్‌సి. పట్టం పొంది, హోప్ బహుమానం తోడ్పడగా మరొక ఏడాది అక్కడనే కృషి చేసి, 1888లో స్వదేశానికి మరలినారు.

స్వదేశం ఆయనను ఆదరంతో ఎదుర్కొనలేదు. దాదాపు ఒక సంవత్సరం ఉద్యోగం లేక, కొంతకాలం జగదీశ్ చంద్ర బోసు ఇంట గడపవలసివచ్చింది. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల వేతనంపై తాత్కాలిక సహాయాచార్య పదవి దొరికింది. అంతే యోగ్యతగల ఆంగ్లేయులకు ఉన్నతశ్రేణి ఉద్యోగం. భారతీయునికి తక్కువ శ్రేణి. ఈ అన్యాయాన్ని ఆయన విద్యాశాఖాధికారి ఎదుట ప్రస్తావించగా, ఈ కొలువే చేయమని ఎవరూ నిర్బంధించలేదన్న ధోరణిలో సమాధానం వచ్చింది. ఆయన అవమానాన్ని దిగమింగి పనిలో నిమగ్నులైనారు.

పెద్ద తరగతుల బోధన గౌరవమని, చిన్న తరగతులది చాకిరీ అని పలువురు భావించే చోట, ఆయన కళాశాలలో కొత్తగా చేరిన విద్యార్థులకు పాఠం చెప్పడమే కోరుకున్నారు. లేత మనస్సులో పడిన బీజమే మొలకెత్తునని ఆయన విశ్వాసం. 1895లో సజల నత్రికామ్లాన్ని అధిక పాదరసంపై పనిచేయిస్తుండగా అడుగున పసుపుపచ్చని స్ఫటికాలు కనిపించినవి. అవి అంతవరకు ఎవరూ వేరుచేయని మెర్క్యూరస్ నైట్రైట్ అని తేలింది. 1896లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఈ విషయం వెలువడగా ఆచార్యుని పేరు విదేశాలకు ప్రాకింది.

ఈ కీర్తిని ఆయన ఒంటరిగా అనుభవించదలచలేదు. ప్రభుత్వం పరిశోధక విద్యార్థివేతనాలు ఏర్పరచిన పిమ్మట జతీంద్రనాథ సేన్ మొదలైనవారు ఒక్కరొక్కరుగా ఆయన చెంత చేరినారు. 1909లో కళాశాలలో ప్రవేశించిన తరగతి సామాన్యమైనది కాదు. జ్ఞానచంద్ర ఘోష్, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ, సత్యేంద్రనాథ బోసు అందులోనివారే. 1911లో ఢాకానుండి మేఘనాథ సాహా వచ్చి చేరినారు. సాహా, బోసు ఇరువురూ పిదప భౌతికశాస్త్రంలో జగద్విఖ్యాతులైనారు.

గురువుకు అసలు పరీక్ష ఇక్కడనే ఎదురైనది. రాయ్ నేర్చినది ఎడింబరో నాటి రసాయనశాస్త్రం. ఆయన శిష్యులలో నీలరతన్ ధర్, ఘోష్, ముఖర్జీ అప్పుడే వికసిస్తున్న భౌతిక రసాయనశాస్త్రంవైపు మొగ్గినారు. అది గురువు సొంత బాట కాదు. శిష్యులను తన పనికి సహాయకులుగా నిలుపుకొని ఉంటే ఆయన పేరిట పత్రాలు ఇంకా పెరిగి ఉండేవి. ఆయన అట్లు చేయలేదు. వారి మార్గాన వారిని పోనిచ్చి, స్వతంత్రకృషిని వారి పేర్లతోనే ప్రకటించుకొనేటట్లు ప్రోత్సహించినారు. 1918లో ఘోష్ తీవ్ర విద్యుద్విశ్లేష్యాలనుగూర్చి ప్రతిపాదించిన సిద్ధాంతం యూరపు పండితుల దృష్టిని ఆకర్షించింది. 1923లో డిబై, హ్యూకెల్ సిద్ధాంతం దాని స్థానాన్ని ఆక్రమించినా, భారతీయ యువకుడు అట్టి చర్చలో పాల్గొనగలిగినాడన్న గౌరవం మిగిలింది.

1916లో ప్రెసిడెన్సీ కళాశాలనుండి విరమించి, ఆశుతోష్ ముఖర్జీ ఆహ్వానంపై విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలలో పాలిత్ ఆచార్యపదవిని స్వీకరించినారు. బ్రహ్మచారియైన ఆయనకు ఆ కళాశాలలోని ఒక గదియే ఇల్లు. తోడుగా కొందరు విద్యార్థులు. అరువదవ ఏటినుండి, అనగా 1921నుండి, తన జీతాన్ని రసాయనశాస్త్రశాఖ అభివృద్ధికే విడిచిపెట్టినారు. 1922లో ఉత్తర బెంగాలును వరదలు ముంచెత్తినప్పుడు ఆ కళాశాల సహాయసంఘానికి కేంద్రమైనది. సాహా వంటి శిష్యులు సేవలోను ఆచార్యుని వెంట నడిచినారు.

ఆ ఏడే రసాయనశాస్త్రంలో ఉత్తమకృషికి బహుమానంగా ఆయన 10,000 రూపాయల నిధి ఏర్పరచి, దానికి నాగార్జునుని పేరు పెట్టినారు. ఈ పేరు వినగానే తెలుగువారికి శ్రీపర్వతం, బౌద్ధాచార్యుడు స్ఫురిస్తారు. ఇక్కడ ఉద్దేశించినది రసశాస్త్రకర్తగా ప్రసిద్ధుడైన నాగార్జునుడు. ప్రాచీన భారత రసవిద్యా చరిత్రను 1902, 1909 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువరించిన ఆచార్యునికి, తెగిపోయిన ఆ పరంపరను తిరిగి అతుకవలెనన్న ఆకాంక్ష ఉండడం సహజమే. 1924లో భారతీయ రసాయనశాస్త్ర సంఘం ఏర్పడినప్పుడు ప్రథమాధ్యక్షత ఆయననే వరించింది.

1944 జూన్ 16వ తేదీన, విజ్ఞానకళాశాలలోని ఆ గదిలోనే ఆచార్యుడు కన్నుమూసినారు. అప్పటికి ధర్ అలహాబాదులో శిష్యవర్గాన్ని పెంపొందిస్తున్నారు. ఘోష్ బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థకు అధిపతిగా ఉండి, స్వాతంత్ర్యానంతరం ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థకు తొలి డైరెక్టరైనారు. పసుపుపచ్చని స్ఫటికాల సంగతి నేడు రసాయనశాస్త్రజ్ఞులు మాత్రమే ఎరుగుదురు. ఆయన విద్యార్థుల చేతికిచ్చిన ప్రయోగనాళికలు మాత్రం చేతులు మారుతూ దేశమంతటా వ్యాపించినవి.