వెలుగు తెలిపిన పేరు - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మంగళగిరి చుట్టుపక్కల నిలవనీళ్ళు ఎండాకాలంలో ఆకుపచ్చగా మారడం మనందరం చూసినదే. ఆ పచ్చదనంలో కంటికి ఆనని ఏకకణ శైవలాలు కోట్లకొద్దీ ఉంటాయి. వాటిని వెలుతురులో ఉంచి ఒక్కసారిగా చీకటిలోకి తెస్తే, తాము తాగిన వెలుగులో అతి స్వల్ప భాగాన్ని ఎర్రని కాంతిగా కొంతసేపు తిరిగి ఇస్తాయి. అది మన కళ్ళకు కనబడదు, పరికరాలకే అందుతుంది. దీనిని విలంబిత కాంతి ఉద్గారం అంటారు. అమెరికాలో బయటపడిన ఈ వింత వెనుక మన తెలుగువాడి కృషి ఉన్నదంటే చాలామందికి కొత్తగా తోస్తుంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇంట్లో బీదరికం. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని పారిపోతే, తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించి చదువులో పెట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కన్నుమూశారు. ఆ దెబ్బ ఆయన మనసులోంచి ఎన్నడూ పోలేదు.

మామగారి సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగే పని. తర్వాత సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు కుదిరారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వారు ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నారు. ప్రాణుల కణాలలో పనులు నడిపే శక్తికి చిల్లర నాణెం వంటిది ఈ పదార్థం.

ఇక మన వింతకు వద్దాం. మిణుగురు పురుగు వెలగాలంటే ఎ.టి.పి. కావాలని 1947లో మెకెల్రాయ్ చూపారు. అంటే ఎ.టి.పి. ఉన్నదీ లేనిదీ మిణుగురు సారమే చెప్పగలదన్నమాట. ఓక్‌రిడ్జ్‌లో స్ట్రెహ్లర్, ఆర్నాల్డ్ ఈ ఉపాయాన్నే పట్టుకుని, ఆకుపచ్చ పదార్థం వెలుతురులో ఎ.టి.పి. తయారుచేస్తుందేమోనని వెదికారు. వెలుగు కనబడింది. అయితే మిణుగురు సారం కలపకపోయినా కనబడింది! క్లోరెల్లా అనే శైవలం కూడా అలాగే వెలిగింది. వెలుతురు తగిలి పత్రహరితం నుంచి విడిపోయిన ఎలక్ట్రానుల్లో కొన్ని తిరిగివచ్చి కలిసేటప్పుడు ఆ శక్తి కాంతిగా బయటపడుతుంది. 1951లో వారు దీనిని ప్రకటించారు. వెదికిన ఎ.టి.పి. సంగతి 1954లో ఆర్నన్ బృందం తేల్చింది.

ఇవేవీ సుబ్బారావుగారు చూడలేదు. హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకక 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. అక్కడ ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ చికిత్సకు అది పనికివచ్చింది, కాని సోదరులు పోయి పాతికేళ్ళు దాటింది. మన డెల్టా ప్రజలను పీడించిన బోదకాలుకు డి.ఇ.సి. మందు 1947లో వచ్చింది. అక్కడే తయారైన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు చికిత్స ప్రారంభించారు. 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ళకే, స్వదేశం మళ్ళీ చూడకుండా ఆయన కన్నుమూశారు. నోబెల్ బహుమతి రాలేదు. భారత ప్రభుత్వం 1995లో తపాలా బిళ్ళ వేసింది.

విద్యార్థి మిత్రులారా! పరీక్ష తప్పినవాడు, డిగ్రీ తగ్గినవాడు, ఉద్యోగం నిలవనివాడు ఈయన. కండరాల్లో ఆయన వెదికిన పదార్థమే ఆయన పేరైనా తలవనివారిని నాచులోని వెలుగు దాకా నడిపించింది. మన లాబొరేటరీలో భాస్వరాన్ని కొలిచే నీలిరంగు తేలినప్పుడల్లా ఆ భీమవరం కుర్రవాణ్ణి ఒక్కసారి తలుచుకుందాం.